ఎనిమిదొందల బాబాయ్

మీరు కారు దిగి తలుపు వేసేలోగా ఒకాయన వచ్చి, మిమ్మల్ని పలకరించకుండా, మీ బానెట్ వైపు చెవి పెట్టి నిలబడ్డాడనుకోండి. కంగారు పడకండి, మా బాబాయ్ జాతి మనిషి. కాసేపు విని, "ట్యాపెట్ సౌండొస్తోంది, ఒకసారి చూపించుకోండి" అంటాడు. మీరెవరు, ఎవరింటికొచ్చారు, మంచినీళ్లు తాగుతారా అన్న మర్యాదలన్నీ ఆ తర్వాతే. మీది ఈ మధ్యే కొన్న కారైతే చెవి కూడా పెట్టడు. "బాగుందండీ" అని ఊరుకుంటాడు. ఆ 'బాగుందండీ'లో ఉన్న జాలి మీకు ఇంటికెళ్లాక గానీ అర్థం కాదు.

ఈ జాతివాళ్లు అపార్ట్‌మెంటుకు ఒకరు చొప్పున ఉంటారు. బెజవాడ పటమటలో మా అపార్ట్‌మెంటు వాటాకి వచ్చింది బాబాయ్. నాకు వరసకేం కాడు, వయసును బట్టి బాబాయ్. ఇరిగేషన్‌లో సీనియర్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాడు. సెల్లార్‌లో మెట్ల పక్కన ఆయన 1998 మోడల్ మారుతి 800 ఉంటుంది. పిల్లలు సరదాగా 'ఎనిమిదొందల బాబాయ్' అన్నారు, పెద్దవాళ్లు ఖాయం చేశారు. ఇప్పుడు అసలు పేరు మెయింటెనెన్స్ రసీదు మీద తప్ప ఎక్కడా కనిపించదు.

ఆ కారు కింద ఎప్పుడూ ఒక అట్టముక్క పరిచి ఉంటుంది. ఎవరింటికో ఫ్రిజ్ వచ్చిన పెట్టె తాలూకు ముక్క. పొద్దున్నే పేపరు కంటే ముందు బాబాయ్ దాన్ని బయటికి లాగి, కళ్లజోడు సవరించుకుని, జాతకచక్రం చూసినట్టు చూస్తాడు. నల్ల చుక్క ఇంజిన్ ఆయిల్. పచ్చ చుక్క కూలెంటు. చిక్కగా, వెగటు వాసనతో ఉంటే గేరాయిల్. చక్రం లోపలి వైపు తడి కనిపిస్తే బ్రేక్ ఫ్లూయిడ్, ఆ రోజు బండి కదలదు. ఎడమ సీటు కింద పడ్డవి ఉత్త నీళ్లయితే ఏసీ పనిచేస్తున్నట్టు, అది పండగ. అసలు ఏ చుక్కా లేని రోజున మాత్రం ఆయన ముఖం మారిపోతుంది. వెంటనే డిప్‌స్టిక్ తీసి చూస్తాడు, కారడానికి లోపల ఏమైనా మిగిలిందా అని.

కారు ఆలోచన పిన్ని మోకాళ్ల వల్ల వచ్చింది. స్కూటరు వెనక ఎక్కి దిగడం కష్టమైంది. రైతుబజారుకి, గుడికి, ఆసుపత్రికి రోజూ తిరగడానికి ఒక చిన్న బండి ఉంటే చాలు. బెంగళూరులో ఉన్న కొడుకు "డౌన్ పేమెంట్ నేను కడతాను నాన్నా, కొత్తది తీసుకోండి" అన్నాడు. "అప్పు తీరేదాకా అది బ్యాంకు కారురా. జీతం లేకుండా దానికి నేను డ్రైవరుగా చెయ్యాలా?" అన్నాడు బాబాయ్. కొత్త కారు కథ అంతటితో సరి. స్కూటరు అమ్మేశారు. బడ్జెట్ లక్ష అనుకున్నారు: సగం బండికి, సగం బాగుచేతకి. ఆ రెండో సగానికి గీత ఎవరూ గీయలేదు.

పాత బండి చూడ్డానికి వెళ్లడంలో బాబాయ్‌కి ఒక శాస్త్రం ఉంది. పొద్దున్న ఆరింటికి, ముందుగా కబురు చేయకుండా వెళ్లాలి. కబురు చేస్తే అమ్మేవాడు ఇంజిన్ వేడెక్కించి ఉంచుతాడు, వేడి మీద జబ్బులు బయటపడవు. అందుకని వెళ్లగానే, నమస్కారం పెట్టాల్సిన చెయ్యి ముందు బానెట్ మీద వేస్తాడు. చల్లగా ఉంటేనే మిగతా మాట. స్టార్ట్ చేయించి సైలెన్సర్ వెనక నిలబడతాడు. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతున్నట్టు, నల్ల పొగ వస్తే పెట్రోలు దండగవుతున్నట్టు, ఆగకుండా తెల్ల పొగ వస్తే నీళ్లు లోపలికి దిగుతున్నట్టు. ఆయిల్ మూత విప్పి లోపలి వైపు తెల్లటి నురగ కట్టిందేమో చూస్తాడు. మ్యాట్లు లేపి ఫ్లోర్ మీద తుప్పు చూస్తాడు. స్టీరింగ్ మొత్తం తిప్పి పట్టుకుని నెమ్మదిగా పోనిచ్చి, టకటక శబ్దం వస్తే యాక్సిల్ పోయిందంటాడు. టైరు పక్కన అచ్చుపోసిన నాలుగంకెల మీద వేలు పెట్టి "ఇరవయ్యో వారం, 2011" అని చదువుతాడు. ఆ అంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. టైరు మీద గాడులు ఎంత బాగున్నా సరే, అంత పాత రబ్బరు గట్టిపడిపోయి వానలో పట్టు ఇవ్వదు. ఇది మాత్రం మీరూ నేర్చుకోండి, పనికొస్తుంది.

అసలు పరీక్ష మాగ్నెట్‌తో. ఈ ఎనిమిదొందలు చూడ్డానికి వెళ్లిన రోజు పిన్ని ఫ్రిజ్ మీది తిరుపతి వెంకన్న మాగ్నెట్‌ని జేబురుమాలులో చుట్టి తీసుకెళ్లాడు. రేకు మీద పెడితే అంటుకోవాలి. లప్పం పెట్టి పెయింటు కొట్టిన చోట జారిపోతుంది. బానెట్ మీద స్వామి నిలిచాడు. కుడి తలుపుల మీద నిలిచాడు. ఎడమ వెనక తలుపు మీద పెట్టగానే జారి బాబాయ్ అరచేతిలో పడ్డాడు.

"స్వామే నిలబడలేదు, నేనేం నిలబడతానయ్యా" అన్నాడు బాబాయ్.

"డాక్టరుగారి బండి సార్, సింగిల్ ఓనరు" అన్నాడు అమ్మేవాడు.

ఆంధ్రదేశంలో అమ్మకానికొచ్చే ప్రతి పాత కారూ డాక్టరుగారిదే. ఈ లెక్కన మన డాక్టర్లకు రోగుల్ని చూసే తీరిక ఎలా దొరుకుతోందో తెలీదు. ఏసీ సంగతి అడిగితే వచ్చే జవాబు కూడా రాష్ట్రమంతటా ఒకటే: "గ్యాస్ కొట్టిస్తే చాలు సార్, మంచు కురుస్తుంది."

తలుపులో లప్పం, ఫ్లోర్‌లో తుప్పు, యాక్సిల్‌లో టకటక, చచ్చిన ఏసీ, ముసలి టైర్లు. ఇన్ని చూసిన మనిషి వెనక్కి వచ్చేయాలి కదా? రాలేదు. "ఇవన్నీ బేరానికి పనికొస్తాయిరా" అన్నాడు నాతో, చెవిలో. ఈ జాతి లక్షణం ఇక్కడే ఉంది. తప్పులు పట్టుకునేది బండి మానేయడానికి అనుకుంటాం మనం. వాళ్లకు ప్రతి లోపమూ రాబోయే ఆదివారానికి ఒక పని. చివరికి డ్రైవరు తలుపు తీసి వేశాడు. 'టక్' మని పడింది. ఆ టక్కుకి ఆయన ముఖం వెలిగిపోవడం అమ్మేవాడు కూడా చూశాడు. 55 వేల దగ్గర మొదలైన బేరం 48 వేల దగ్గర ఆగిపోయింది, ఆ పైన ఒక్క రూపాయి తగ్గలేదు.

తిరిగి వస్తుంటే దారి పొడుగునా చరిత్ర చెప్పాడు. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా తొలి మారుతి తాళాలు అందుకున్నది హర్‌పాల్ సింగ్ అనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి. లాటరీలో ఆయన పేరు వచ్చింది. ఉన్న ఫియట్ అమ్మి ఈ కారు కొన్నాడు, 2010లో కన్నుమూసేదాకా దాన్ని వదల్లేదు. "అదీ మనిషంటే" అన్నాడు బాబాయ్. మూడు సిలిండర్లు, 796 సీసీ, నాలుగు గేర్లు, పన్నెండంగుళాల చక్రాలు. పాతిక లక్షలకు పైగా తయారయ్యాయి. కొత్త ఉద్గార నిబంధనలు రావడంతో 2010 ఏప్రిల్ నుంచి హైదరాబాద్ లాంటి పెద్ద నగరాల్లో అమ్మకం ఆపేశారు, 2014 జనవరిలో తయారీ కూడా ఆపేశారు. ఇదంతా బాబాయ్ ఇంట్లోవాళ్ల చరిత్ర చెప్పినట్టే చెప్తాడు, 2014 దగ్గర గొంతు కాస్త తగ్గిస్తాడు. 1983లో కొత్త కారు ధర యాభై వేలకు అటూ ఇటూ. నలభై ఏళ్ల తర్వాత బాబాయ్ ఇంచుమించు అదే ధరకు పాతది కొన్నాడు. ఈ మాట నేనంటే, "చూశావా, రేటు పడని బండి" అన్నాడు.

ఇక ఆటోనగర్. బెజవాడ ఆటోనగర్‌లో దొరకని బండి సామాను లేదంటారు. బాబాయ్‌కి దొరకకపోతేనే ఆనందం. దొరికితే పది నిమిషాల్లో పనైపోతుంది, దొరకకపోతే నాలుగు షాపులు తిరగొచ్చు, నాలుగు టీలు తాగొచ్చు. కౌంటర్ దగ్గర కుర్రాడు తల ఎత్తకుండానే "కంపెనీదా, లోకలా, ఢిల్లీయా?" అంటాడు. బాబాయ్ మూడింటి ధరా అడిగి, మూడూ పక్కపక్కన పెట్టించి, గోటితో గీకి, వాసన చూసి, కంపెనీది తీసుకుంటాడు. మొదట్నుంచీ అదే తీసుకుంటాడని ఆ కుర్రాడికీ తెలుసు. అయినా మూడూ తెచ్చిపెడతాడు. పాత కస్టమరు మరి.

మేస్త్రీది మరో ప్రపంచం. ఆయన దగ్గర ప్రతి రోగానికీ రెండే మందులు: ఒకటి 'చిన్న పనే సార్', రెండోది 'డైరెక్ట్ కొట్టేద్దాం'. రేడియేటర్ ఫ్యాన్ దానంతటది తిరగడం మానేసింది. సెన్సర్ స్విచ్ మార్చాలి. "ఎందుకు సార్, డైరెక్ట్ కొట్టేద్దాం" అని డ్యాష్‌బోర్డు కింద ఒక స్విచ్ పెట్టాడు. హారన్ మొరాయిస్తే ఇంకో స్విచ్. ఇప్పుడక్కడ వరసగా మూడున్నాయి. ఒకటి ఫ్యాను, ఒకటి హారను, మూడోది దేనికో మేస్త్రీకీ గుర్తు లేదు. బాబాయ్ దాన్ని ముట్టుకోడు, ఎవర్నీ ముట్టుకోనివ్వడు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన మేస్త్రీకి లొంగలేదు. రోహిణీ కార్తెలో బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర బండి ఆవిర్లు కక్కింది. మేస్త్రీ చూసి "బెజవాడ ఎండకి థర్మోస్టాట్ ఎందుకు సార్, పీకి పారేద్దాం" అన్నాడు. మన దగ్గర చాలామంది మెకానిక్‌లు చేసే పనే అది. బాబాయ్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అది లేకపోతే ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కదయ్యా. పొద్దున్న చోక్ లాగి మైలు దూరం పోవాలి. పెట్రోలు తాగుతుంది, రింగులు అరుగుతాయి. రేడియేటర్ విప్పు ముందు." విప్పితే లోపల అంతా మట్టి, తుప్పు. వెనకటి ఓనరు కూలెంటు పొయ్యకుండా ఏళ్ల తరబడి పంపు నీళ్లతో లాక్కొచ్చాడు. రేడియేటర్ కడిగించి, హోస్ పైపులు మార్చి, కొత్త థర్మోస్టాట్ వేసి, కూలెంటు పోస్తే బండి మళ్లీ పొంగలేదు. ఈ విషయంలో నా ఓటు బాబాయ్‌కే. పాత బండ్లు సగం వయసు వల్ల పాడవుతాయి, మిగతా సగం 'డైరెక్ట్' వల్ల పాడవుతాయి. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ మొదలయ్యాక, ఎవరూ చెప్పకుండానే, పెట్రోలు లైన్‌లో ముసలి రబ్బరు పైపులన్నీ మార్పించింది కూడా ఆయనే.

ఇప్పుడు లెక్కల దగ్గరికి వద్దాం. బాబాయ్ ఆనందమంతా ఇక్కడుంది.

కొత్త కారుకి అయిదు లక్షల అప్పు, అయిదేళ్లు, తొమ్మిది శాతం వడ్డీ అనుకుంటే నెలకు 10,300 పైచిలుకు ఈఎంఐ. ఇది ఆయనకు నోటికొచ్చు. క్లచ్ సెట్ మార్చి, లేబర్‌తో కలిపి 4,000 అయిందనుకోండి. మనం 4,000 ఖర్చయిందంటాం. బాబాయ్ 6,300 మిగిలిందంటాడు. ఈఎంఐ కట్టాల్సిన నెలలో అంతే కదా పోయింది! ఏ రిపేరూ రాని నెల వస్తే పూర్తిగా 10,300 మిగులు. ఇలా మిగిలిందంతా ఒక డైరీలో రాస్తాడు. ఆ డైరీ ప్రకారం ఆయన ఈపాటికి లక్షాధికారి. పోయిన ఉగాదికి ఆ మిగులులోంచే సీటు కవర్లు, స్టీరియో, వెనకద్దానికి దోమతెర లాంటి తెర, కొత్త టైర్లు నాలుగూ కొన్నాడు. డైరీలో లక్షలున్నాయి, పాసుబుక్కులో మాత్రం వాటి జాడ లేదు.

పిన్నిది వేరే పుస్తకం. పాలవాడి లెక్క రాసే నోట్‌బుక్ వెనక పేజీలో బండి ఖర్చు రాస్తుంది. వ్యాఖ్యలుండవు, తేదీ, అంకె, అంతే. ఒకరోజు నాకు చూపించి, "కారు కొన్నది మేము, మేడ కట్టుకుంటున్నది మేస్త్రీ" అంది. ఆ పేజీలో ఇంకో వరస కూడా ఉంది: ఆటో ఛార్జీలు. కారు లేనప్పటి కంటే ఇప్పుడే ఎక్కువ. ఎందుకంటే స్కూటరు అమ్మేశారు, కారు మేస్త్రీ దగ్గరుంటుంది.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రెండు పుస్తకాలూ పక్కన పెట్టి నేను లెక్కేసినా బాబాయ్ మరీ ఓడిపోడు. ఆరు లక్షల కొత్త కారును మూడేళ్లు నడిపి అమ్మబోతే ఎంత తరుగు పోతుందో అమ్మినవాళ్లకు తెలుసు. ఆ తరుగుతో పోలిస్తే ఆటోనగర్ బిల్లులు తక్కువే. ఈ బండి ధర ఇంకా పడడానికి కింద జాగా లేదు. వెయ్యి సీసీ లోపు కార్లకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022లో 2,094 రూపాయలుగా పెట్టారు, ఇన్సూరెన్స్ అంతటితో సరి. బాబాయ్ లెక్కలో చేరనిది ఆదివారాలు. వాటికి ఆయన రేటు కట్టడు, కట్టమన్నా కట్టడు. టీవీ ముందు కూర్చోవలసిన మనిషి చేతికి గ్రీజు పూసుకుని పది మందితో మాట్లాడి వస్తున్నాడు. దానికి పిన్ని నోట్‌బుక్‌లోనూ వరస లేదు.

ఆ కారులో ప్రయాణం ఒక అనుభవం. పొద్దున్న చోక్ లాగి స్టార్ట్ చేస్తాడు, ఇంజిన్ దగ్గి, తుమ్మి, అందుకుంటుంది. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, ఆయన వింటుంటాడు. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కే ముందు "ఏసీ ఆపుతున్నా" అని ప్రకటిస్తాడు. ఏసీ, ఎత్తు, వెనక ముగ్గురు మనుషులు, ఈ మూడూ ఆ ఇంజిన్‌కి ఒకేసారి పడవు. దిగుడులో మళ్లీ వేస్తాడు. వెనక కూర్చున్నవాళ్లు ఆ ముక్కలు ముక్కలుగా వచ్చే చల్లదనానికి కూడా థాంక్స్ చెప్పాలి, లేకపోతే చిన్నబుచ్చుకుంటాడు. "మరి హైదరాబాదు వెళ్లాలంటే బాబాయ్?" అని అడిగాను. "బస్సుంది కదరా" అన్నాడు. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, రేకు పల్చన. హైవే మీద లారీల మధ్య ఇలాంటి బండి పెట్టకూడదని ఆయనకు తెలుసు. ఆయన కారుకి గుణదల ఒక సరిహద్దు, ప్రకాశం బ్యారేజి ఒక సరిహద్దు.

సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆ ఫీజు ఒకప్పుడు 600, 2022 ఏప్రిల్ నుంచి 5,000. 2023లో బాబాయ్ వంతు వచ్చింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందుకు వెళ్లే రోజు పెళ్లిచూపుల హడావుడి: బండి కడిగించి, లైట్లన్నీ వెలిగించి చూసి, హారన్ స్విచ్ ఎక్కడుందో నాలుగుసార్లు తడిమి చూసుకుని వెళ్లాడు. పాసైంది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజు 10,000 చేశారు. అంటే 2028లో బండి ధరలో అయిదో వంతు కట్టాలి. ఆ వార్త చూపిస్తే, "అంత ఫీజు పెట్టారంటే దానికంత విలువ ఉన్నట్టేగా" అన్నాడు. ఈ మనిషిని ఏ ప్రభుత్వమూ ఏమీ చేయలేదు.

ఈ జాతిలో శాఖలున్నాయి. జెన్ శాఖ వాళ్లు ఎనిమిదొందల వాళ్లని కొంచెం తక్కువగా చూస్తారు. శాంట్రో శాఖకి లోపల ఎత్తు ఉందని గర్వం. ఇండికా డీజిల్ శాఖ వాళ్లు మాట్లాడేది వినపడదు, బండి ఆపితే గానీ. ఢిల్లీలో పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ బండ్లను తిరగనివ్వకూడదన్న రూలు వచ్చాక అక్కణ్నుంచి చవగ్గా తెచ్చి, ఎన్‌ఓసీ పట్టుకుని రవాణా ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లది ఇంకో శాఖ. వాళ్లంటే బాబాయ్‌కి పడదు. విశాఖ బండి అంటే ఇంకా భయం, ఉప్పుగాలికి రేకులు తినేసి ఉంటాయని.

మీకూ అలాంటి బండి కొనాలని ఉంటే ఆలోచించి కొనండి, తప్పేం లేదు. బండికి పెట్టినంత డబ్బు బాగుచేతకి పక్కన ఉంచుకోండి. స్కూటరు అమ్మకండి. బాబాయ్‌ని వెంట తీసుకెళ్తానంటే ముందు రోజు చెప్పండి, సంతోషంగా వస్తాడు, టిఫిన్ మీరు పెట్టిస్తే చాలు. ఆయన తలుపు వేసి 'టక్' వినేలోగా మాత్రం పక్కకు లాగేయండి. ఇంకొక్క మాట, పొద్దున్న ఆరింటికల్లా అక్కడుండాలి కాబట్టి ఆయన కారులో వద్దు, ఆటో మాట్లాడుకోండి.